మూడు నెలలకని ఇచ్చిన ఫ్లోరిడా ఇల్లు: నా అనుభవం

మేముండేది కెనడాలో, టొరంటో పక్కన మిస్సిసాగాలో. చలికి మావారి మోకాళ్లు పట్టేస్తాయి. అందుకే 2013లో, అమెరికాలో ఇళ్ల ధరలు ఇంకా అందుబాటులో ఉన్నప్పుడే, ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో రెండు పడగ్గదుల కాండో, అంటే అపార్ట్‌మెంటులో సొంత ఫ్లాటు, కొనుక్కున్నాం. క్రిస్మస్ వెళ్లగానే కారెక్కి అక్కడికి చేరిపోయి, మార్చి ఆఖరుకి తిరిగొచ్చేవాళ్లం. మాలాంటివాళ్లని ఇక్కడ స్నోబర్డ్స్ అంటారు.

2024 అక్టోబరులో తెనాలిలో మా అత్తయ్యగారు జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. ఆ చలికాలమంతా ఆవిడ దగ్గరే ఉందామనుకున్నాం. కాండో ఊరికే తాళం పెట్టి ఉంచడమెందుకని 2025 జనవరి 1 నుంచి మార్చి 31 దాకా సీజన్ అద్దెకిచ్చాం. నెలకు 3,500 డాలర్లు, డిపాజిట్ ఇంకో 3,500. వచ్చింది అమెరికాలోనే ఒక ఉత్తరాది రాష్ట్రం నుంచి అరవై దాటిన భార్యాభర్తలు. కాండో అసోసియేషన్‌కి, అంటే ఫ్లాట్ల ఓనర్ల సంఘానికి, దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే దిగారు. మూడు నెలలూ అద్దె ఒకటో తారీఖునే పడింది. చాలా మర్యాదస్తులనుకున్నాం.

మార్చి 26న మెసేజ్ వచ్చింది. వాళ్లు కట్టుకుంటున్న కొత్త ఇల్లు ఇంకా పూర్తి కాలేదట, మరో రెండు వారాలు ఉంటామన్నారు. ఏప్రిల్ 5న డాలస్ నుంచి మా చెల్లెలి కుటుంబం ఆ ఇంటికి దిగాలి. కుదరదని మర్యాదగానే రాశాను. జవాబు లేదు. ఏప్రిల్ 1న మా అమెరికా బ్యాంకు ఖాతాలో 1,750 డాలర్లు పడ్డాయి. ఇల్లు మాత్రం ఖాళీ కాలేదు.

మన ఊళ్లో అయితే నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. తొమ్మిది వేల మైళ్ల దూరాన తెనాలిలో కూర్చుని ఎవర్ని పిలవగలం? ఆ రాత్రి మావారికి కోపం ఆగలేదు. 'పక్కింటావిడ దగ్గర తాళం ఉంది కదా, వాళ్లు బయటికెళ్లినప్పుడు తాళాలు మార్పించేద్దాం, లేదంటే కరెంటు ఆపించేద్దాం' అన్నారు. నాకూ నిజంగా అదే సబబనిపించింది. ఇల్లు మాది, గడువు అయిపోయింది, ఇంకేం కావాలి?

ఎందుకైనా మంచిదని ఒక స్నేహితురాలి ద్వారా అక్కడి లాయరుగారిని పట్టుకున్నాం. మాకు సాయంత్రం ఏడంటే అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర. ఆవిడ అంతా విని మొదట చెప్పిన మాట, 'తాళం ముట్టుకోవద్దు, కరెంటు ముట్టుకోవద్దు, నీళ్లు ముట్టుకోవద్దు.' ఫ్లోరిడా చట్టం ప్రకారం ఓనరు తనంతట తాను అలాంటి పని చేస్తే, అద్దెకున్నవాళ్లకి జరిగిన నష్టం గానీ, మూడు నెలల అద్దె గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. పైన వాళ్ల లాయరు ఖర్చు. మా లెక్కలో అది కనీసం 10,500 డాలర్లు. మావారు ఫోను పక్కనే కూర్చుని తల పట్టుకున్నారు.

రెండో మాట, ఆ 1,750 వెంటనే వెనక్కి పంపెయ్యమన్నారు. గడువు దాటాక అద్దె తీసుకుంటే, వాళ్లు ఉండటానికి మనం ఒప్పుకున్నట్టు లెక్క కట్టే వీలుంది. అదే నెలనెలా అద్దె అయిపోతే మళ్లీ 30 రోజుల నోటీసు ఇచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాలి. డబ్బు వెనక్కి పంపుతుంటే నా చెయ్యి ఆడలేదు. కానీ మొత్తం వ్యవహారంలో మమ్మల్ని కాపాడిన పని ఏదంటే ఇదే చెబుతాను.

ఈలోగా పక్కింటావిడ ఇంకో సలహా ఇచ్చింది. పరాయి ఇళ్లల్లో చొరబడి కూర్చునేవాళ్లని కోర్టుతో పనిలేకుండా షెరీఫే, అంటే అక్కడి జిల్లా పోలీసు అధికారిలాంటివాడే, ఖాళీ చేయించేలా ఫ్లోరిడాలో కొత్త చట్టం వచ్చిందంది. నిజమే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కానీ అది అద్దెకున్నవాళ్లకి, ఒకప్పుడు అద్దెకుండి వెళ్లనివాళ్లకి వర్తించదు. మనమే సంతకం పెట్టి తాళమిచ్చాం కాబట్టి మన దారి కోర్టేనని లాయరుగారు చెప్పారు. ఇంకో చిక్కు కూడా వివరించారు. కాండోలో తాత్కాలిక బసగా దిగినవాళ్లు అసలు అద్దె చట్టం కిందికే రారు. మూడు నెలల సీజన్ అద్దె బస కిందికొస్తుందా, అద్దె కిందికొస్తుందా అని వాదించుకుంటూ కూర్చుంటే పని కాదు. రాతపూర్వకమైన అగ్రిమెంటు, డిపాజిట్ ఉన్నాయి కనుక అద్దె చట్టం ప్రకారమే వెళ్దామన్నారు. అడుగులు ఎక్కువైనా తర్వాత ఎవరూ తప్పుపట్టలేరు.

ఇల్లు వదలమని ముందు ఉత్తరం పంపి, ఏప్రిల్ 7న కౌంటీ (మన జిల్లాలాంటిది) కోర్టులో కేసు వేశారు. ఫీజు 185 డాలర్లు, లాయరు ఖర్చు వేరే. 11న వాళ్లకి సమన్లు అందాయి. అక్కణ్నుంచి శని, ఆదివారాలు కలపకుండా ఐదు రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి. అద్దె కట్టేశామని తప్ప ఇంకే వాదన చేసినా, కేసు నడిచినన్నాళ్లూ అద్దె కోర్టులో జమ చెయ్యాలి. వాళ్లు జవాబూ ఇవ్వలేదు, జమా చెయ్యలేదు. జడ్జి మాకు ఇల్లు అప్పగించమని తీర్పిచ్చారు. మేం తెనాలి నుంచి కదలాల్సిన అవసరమే రాలేదు. ఈ ఇరవై రోజులూ నేను నిద్రపోయింది మాత్రం తక్కువే. చెల్లెలికి హోటల్ బుక్ చేసి ఇచ్చాను, అది ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

28న షెరీఫ్ మనిషి వచ్చి తలుపుకి 24 గంటల నోటీసు అంటించి వెళ్లాడు. పక్కింటావిడ ఫొటో పంపింది. మేం కట్టిన మామిడాకుల ప్లాస్టిక్ తోరణం కింద, నాలుగు వైపులా టేపు వేసిన తెల్ల కాగితం. మర్నాడు మధ్యాహ్నానికి వాళ్లు వెళ్లిపోయారు. కేసు వేసిన 22వ రోజు అది.

ఇల్లు వాళ్లు శుభ్రంగానే వదిలారు, ఒక్కచోట తప్ప. ఓనర్ల సామాను పెట్టుకునే అలమర అని మా ఇంట్లో ఒకటుంది, దానికి వేరే తాళం. దాన్ని ఊడబీకారు. అందులోని మా వెట్ గ్రైండర్‌ని లనాయ్‌లో, అంటే జాలీ కట్టిన వెనక వరండాలో పెట్టారు. వానకి మోటారు తుప్పు పట్టిపోయింది. జాలీ రెండుచోట్ల చిరిగింది. డిసెంబరు 28న వాళ్లు దిగకముందే పక్కింటావిడ చేత గదిగదీ వీడియో తీయించి ఉంచాను. అలమరకి తాళం వేసి ఉండటం అందులో స్పష్టంగా ఉంది.

ఇక డిపాజిట్. ఇక్కడే చాలామంది ఓనర్లు దెబ్బతింటారు. డిపాజిట్ లోంచి కోత పెట్టాలంటే, వాళ్లు ఖాళీ చేసిన 30 రోజుల్లోపు ఎంత, ఎందుకు అని రాసి పంపాలి. అప్పటికి సర్టిఫైడ్ మెయిల్‌లోనే, అంటే మన రిజిస్టర్డ్ పోస్టులాంటి దాంట్లోనే, పంపాలి. ఒక్కరోజు దాటినా ఆ డిపాజిట్‌ని పట్టుకునే హక్కు పోతుంది. మాకు మే 29 దాకా గడువుంది, 12నే పంపించాం. అడ్రసు అసోసియేషన్ దరఖాస్తులో దొరికింది. వాళ్లు సంతకం పెట్టిన ఆకుపచ్చ రసీదు కార్డు తిరిగొచ్చింది, తేదీ మే 16. అభ్యంతరం చెప్పడానికి వాళ్లకి 15 రోజులు. ఏమీ రాలేదు.

గడువు దాటి ఉన్న రోజులకి రెట్టింపు అద్దె అడిగే హక్కు కూడా చట్టం ఇస్తుంది. 28 రోజులకి 6,533 డాలర్లు. డిపాజిట్ పోను మిగతాదానికీ, లాయరు ఖర్చుకీ కోర్టుకి వెళ్తామని ఉత్తరం రాస్తే, జూన్‌లో 2,500 పంపారు. ఇంకా రావాలి, కానీ అత్తయ్యగారు అప్పుడప్పుడే నడక మొదలుపెట్టారు, మాకు ఓపిక లేదు. అక్కడితో వదిలేశాం.

పన్నుల సంగతి కూడా చెప్పాలి. ఆరు నెలలు, అంతకు తక్కువ అద్దెకిస్తే ఫ్లోరిడా అమ్మకపు పన్ను 6 శాతం, మా లీ కౌంటీ పర్యాటక పన్ను 5 శాతం వసూలు చేసి కట్టాలి. కెనడా వాళ్లమైన మాలాంటివాళ్ల మొత్తం అద్దెలో 30 శాతం అమెరికా పన్ను కింద పట్టుకోవాలి. డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ముందే ఇస్తే ఆ కోత ఉండదు. ఖర్చులు పోను మిగిలిన దానిమీద పన్ను లెక్కకట్టి రిటర్ను వెయ్యాలి.

ఈసారి అగ్రిమెంటులో లాయరుగారు రెండు వాక్యాలు చేర్చారు. గడువు పొడిగింపు రాతపూర్వకంగా ఇద్దరి సంతకాలతోనే జరగాలని ఒకటి, గడువు తర్వాత డబ్బు వేసినా అది కొత్త అద్దె కాదని రెండోది. అది వచ్చే ఏడాదికి. ఈ చలికాలం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. డిసెంబరు 27న మేమే వెళ్లి తలుపు తీశాం, అత్తయ్యగారు పంపిన కొత్త తోరణం కట్టాం.