ఏటూరునాగారంలో మా బుధవారం ప్రార్థన

ప్రభుత్వ ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచే 317 జీవో 2021 డిసెంబరు 6న వచ్చింది. అప్పటికి నాకు ఎస్జీటీగా (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా) తొమ్మిదేళ్ల సర్వీసు. ఇల్లు హన్మకొండలో, బడి పావుగంట దూరంలో, బాబు రెండో తరగతి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉద్యోగాలు వచ్చిన మా అందరినీ సీనియారిటీ ప్రకారం కొత్త జిల్లాలకు పంచుతామన్నారు. ఆప్షన్ ఫారంలో ఏ జిల్లా ముందు, ఏ జిల్లా తర్వాత అని రాసివ్వాలి. సీనియర్లంతా హనుమకొండ, వరంగల్ పెట్టుకుంటే మా లాంటి జూనియర్లకు మిగిలేవి ములుగు, భూపాలపల్లి. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి, భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే ఒకే జిల్లా ఇచ్చే స్పౌజ్ కేటగిరీ నాకు వర్తించదు. ఆ నెలంతా ఎవరి ఫోన్‌లో చూసినా సీనియారిటీ లిస్టులే, ఎవరిని కదిలించినా కన్నీళ్లే. మా చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను కానీ నోట మాట రాలేదు, అలాగే కూర్చున్నాను.

నాకు ములుగు జిల్లా వచ్చింది, అందులో ఏటూరునాగారం వైపు. హన్మకొండ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, రోజూ అప్ అండ్ డౌన్ కుదరదు. జనవరిలో జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన రెండు మూడు రోజులకే కరోనా మూడో వేవ్ అని బడులు మూసేశారు, మళ్లీ ఫిబ్రవరి 1న తెరిచారు. ఆ వెంటనే మేడారం జాతర. ఆ రోడ్డు మీద బస్సులు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, జనం. నేను ఏటూరునాగారంలో ఒక గది అద్దెకు తీసుకుని, బాబును అత్తమ్మ దగ్గర వదిలి, శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి సోమవారం తెల్లవారుజామున బస్సెక్కేదాన్ని. ఒక్క టీచరే ఉండే బడి. పిల్లల్లో సగం మంది ఇంట్లో కోయ భాష మాట్లాడతారు, నాకు అందులో ఒక్క ముక్క రాదు. ఒంటరితనం అనే మాటకు అర్థం ఆ గదిలో తెలిసింది.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో పరిచయమైన ఒక అక్క సొంతూరు డోర్నకల్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. భోజనాల దగ్గర నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవడం చూసి, "నువ్వు కూడా మనోళ్లేనా బిడ్డా?" అని పలకరించింది. ఇంకో సార్ కాజీపేట ఫాతిమానగర్ నుంచి, ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్. ఇంకో చెల్లెలు పెంతెకోస్తు సంఘం. నేను బాప్టిస్టు. నలుగురిదీ ఒకే బాధ, నలుగురివీ అద్దె గదులే. ఆదివారం ఎవరి ఊరికి వాళ్లం వెళ్తాం కాబట్టి బుధవారం సాయంత్రం ఆరింటికి అక్క గదిలో కూడుకుందాం అనుకున్నాం. బడిలో మాత్రం వద్దని అక్క మొదటి రోజే గట్టిగా చెప్పింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది, మనం పిల్లలకు చదువు చెప్పడానికే వచ్చాం అంది. ఇప్పటికీ మేం ఆ గీత దాటలేదు.

మొదటి బుధవారమే ఒక విషయం తెలిసింది. పరలోక ప్రార్థన మొదలుపెట్టగానే మా గొంతులు కలవలేదు. మేం "పరలోకమందున్న మా తండ్రీ" అంటుంటే సార్ "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ" అంటున్నాడు. మేం "నీ నామము" అంటే ఆయన "మీ నామము". మేం "అనుదినాహారము" అంటూ ముందుకు వెళ్తుంటే ఆయన "నానాటికి కావలసిన మా అన్నము" దగ్గర ఉన్నాడు. చివర్లో మేం "రాజ్యము, బలము, మహిమ" అని అందుకునేసరికి ఆయన ఆమెన్ చెప్పేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన ఇంకొకరి నోట వేరే మాటల్లో వింటుంటే నాకు ఎందుకో ఇబ్బందిగా అనిపించింది, నిజమే చెబుతున్నాను.

మూడో వారమో నాలుగో వారమో తప్పు నా వల్లే జరిగింది. బాప్తిస్మం మాట వచ్చినప్పుడు, పసిపిల్లల మీద నీళ్లు చల్లితే అది బాప్తిస్మం ఎలా అవుతుంది అని అడిగేశాను. నమ్మి నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం అని మా బాప్టిస్టులకు నేర్పుతారు, నేను అడిగింది కూడా మనస్ఫూర్తిగానే. కానీ అడిగిన తీరులో, మీది అసలు విశ్వాసమే కాదు అన్న ధ్వని ఉంది. అక్క బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. సార్ ఏమీ అనకుండా వెళ్లిపోయాడు, తర్వాత రెండు వారాలు రాలేదు. నేను నా వైపు వాక్యాలు వెతికి రాసిపెట్టుకున్నాను, ఆయన వస్తే చూపిద్దామని.

ఆ ఆగస్టులో బాబుకు డెంగీ వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. సింగిల్ టీచర్ బడిలో లీవు పెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. మండల విద్యాధికారి (ఎంఈఓ) పక్క బడి నుంచి ఎవరినైనా డిప్యూట్ చేస్తే తప్ప బడి మూతపడుతుంది. పైగా చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం అప్పుడే మొదలైంది, పిల్లలందరి చదివే స్థాయి చూసి రాయాలి. నేను హాస్పిటల్ వరండాలో కూర్చుని ఎవరిని అడగాలా అని టెన్షన్ పడుతుంటే అక్క నుంచి ఫోన్: "సార్ ఎంఈఓ గారిని అడిగి ఆర్డర్ తీసుకున్నడు. వాళ్ల బడిల ఇద్దరున్నరు కదా. నువ్వు పిలగాన్ని చూసుకో." ఆయన నాలుగు రోజులు ఆరు కిలోమీటర్లు బండి మీద వెళ్లి నా బడి నడిపాడు.

తిరిగొచ్చాక నా టేబుల్ మీద ఒక నోట్‌బుక్ కనిపించింది. ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క కోయ మాట, తెలుగు లిపిలోనే. నీళ్లు, అన్నం, రా, కూర్చో, భయపడకు, కడుపు నొప్పా? అన్నీ కలిపి ఏడు పేజీలు. ఆయన పిల్లల్ని అడిగి అడిగి రాసుకున్నాడట, తప్పు పలికిన చోట పిల్లలే దిద్దారట, ఆ కొట్టివేతలు కూడా అలాగే ఉన్నాయి. నేను వెతికి పెట్టుకున్న వాక్యాల కాగితం ఆ నోట్‌బుక్ పక్కన పెట్టి చూసుకుని ఏడ్చాను. ఆ సాయంత్రం ఆయన గదికి వెళ్లి, "అన్నా, ఆ రోజు నేను మాట్లాడింది తప్పు, క్షమించు" అన్నాను. ఆయన "బాబుకు ఎట్లుంది?" అని అడిగాడు. అంతే, ఆ వారం నుంచి మళ్లీ వచ్చాడు.

బాప్తిస్మం గురించి నా నమ్మకం మారలేదు, ఆయనదీ మారలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఐక్యత అంటే ఎవరో ఒకరు తమది వదులుకోవడమే అని చాలామంది భయపడి దగ్గరకు రారు. మేం చేసిందల్లా ఒక కీర్తన చదువుకోవడం, తర్వాత ఒక్కొక్కరం ఆ వారం మనసును పట్టి పీడిస్తున్న ఒక పిల్లవాడి సంగతి చెప్పడం, వాళ్ల కోసం పక్కవాళ్లు ప్రార్థించడం. కూలికి వెళ్తూ బడి మానేసిన అమ్మాయి, అక్షరాలు తిరగేసి రాసే అబ్బాయి, ఇట్లాంటివి. "ఒకని భారముల నొకడు భరించి" అన్న గలతీ పత్రిక మాట మా అందరి బైబిళ్లలోనూ ఉంది కదా. గంట దాటనిచ్చేవాళ్లం కాదు, చందాలు లేవు, ఏ సంఘం పేరూ పెట్టలేదు.

అక్క తమ డోర్నకల్ గురించి చెప్పినప్పుడు నాకు కొత్త ధైర్యం వచ్చింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్ గారు తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో డోర్నకల్ మొదటి బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. వేరువేరు సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నుంచి పాతికేళ్లు పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ సంఘాలు కలిసి సీఎస్ఐ ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆ రోజును ఆయన చూడలేదు. పాతికేళ్లు ఆయన ఓపిక పట్టగా, నాలుగో వారానికే నేను వాదనకు దిగాను కదా అనిపించింది.

ఏటా జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యత కోసం ప్రపంచమంతా ప్రార్థించే వారం ఒకటుందని సార్ చెబితేనే నాకు తెలిసింది, 1908 నుంచి ఉందట. 2023లో దానికి ఇచ్చిన వాక్యం యెషయా 1:17, "మేలుచేయ నేర్చుకొనుడి". టీచర్లం మనం, నేర్చుకోమని మనకే చెప్తున్నాడు దేవుడు అంది చెల్లెలు. ఆ ఏడు జూలైలోనే వాన వచ్చింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరు మునిగింది, ప్రాణాలు పోయాయి. దారి తెరుచుకున్నాక బియ్యం, దుప్పట్లు మోసుకెళ్లాం, తడిసిన పాఠ్యపుస్తకాలు కొన్ని తెచ్చుకున్నాం. అక్క గదిలో నేల మీద పరిచి, ఫ్యాన్ వేసి, అంటుకుపోయిన పేజీలను ఒక్కొక్కటి గోటితో విడదీశాం. ఆ బుధవారం ఎవరమూ కీర్తన చదవలేదు, పుస్తకాల పనే సరిపోయింది.

2024 బదిలీల్లో వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటే నాకు ములుగుకు దగ్గర్లో బడి వచ్చింది. ఇప్పుడు ఇంటి నుంచే వెళ్లొస్తున్నాను, బాబు నా దగ్గరే ఉన్నాడు. సార్, అక్క ఇంకా అక్కడే. నెలకు ఒక బుధవారం బడి అయ్యాక బస్సెక్కి వెళ్తాను, రాత్రికి అక్క దగ్గరే పడుకుని పొద్దున్నే నా బడికి బయల్దేరతాను. మొన్న వెళ్లినప్పుడు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఒక అమ్మాయి వచ్చింది, బెరుగ్గా మూలన కూర్చుంది. పరలోక ప్రార్థన మొదలైంది. మేం "అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దాకా వచ్చి అలవాటుగా ఆగాం. ఆ పిల్లకు తెలియక గబగబా ముందుకు వెళ్లిపోతోంది. అక్క కళ్లు తెరవకుండానే ఆ అమ్మాయి చేయి పట్టుకుని మెల్లగా అంది:

"ఆగు బిడ్డా, సార్ ఇంకా అన్నం కాడనే ఉన్నడు."