తెల్లరాయి ఊరు

అప్పటికి నా పెట్టెలో పదకొండు పొగతాగే పైపులున్నాయి. అన్నీ బ్రయర్‌వే. మధ్యధరా తీరాల్లో పెరిగే పొద వేరుదుంపని తొలిచి చేసినవి. మీర్షామ్ అనే మెత్తని తెల్లరాయితో చేసింది ఒక్కటే కొరత. ఆన్‌లైన్లో ఒకటి తెప్పించి మోసపోయాను. రాతి తురుముకి జిగురు కలిపి అచ్చుపోసిన సరుకు పంపాడు. అందుకే ఈసారి ఇస్తాంబుల్ వెళ్ళినప్పుడు, ఆ రాయి దొరికే టర్కీ ఊరు ఎస్కిషెహిర్‌కే రైలెక్కాను.

పాతబస్తీ పేరు ఒదున్‌పజారి, అంటే కట్టెల బజారు. రంగురంగుల చెక్క ఇళ్ళు, ఎత్తుపల్లాల సందులు. పొద్దున్నే మాంసం కూరి నూనెలో వేయించిన చిబొరెక్ తిన్నాను. రెండోది తినకుండా ఉండాల్సింది. పదహారో శతాబ్దపు కుర్షున్లు మసీదు ఆవరణలోనే ఈ రాయికో మ్యూజియం ఉంది. అందులో అరగంట తిరిగాను గానీ మనసంతా దుకాణాల మీదే.

ఒక దుకాణంలో పెద్దాయన పైపు చెక్కుతున్నాడు. అక్కడ పనివాణ్ణి 'ఉస్తా' అంటారు, మన హైదరాబాదు ఉస్తాదే. నీళ్ళలో నానేసిన రాయిని నా చేతిలో పెట్టాడు. గోరు దిగబడేంత మెత్తన. చాకుతో గీస్తుంటే సబ్బులా పొరలు లేచాయి. ఆరితే తేలికైపోతుంది. తర్వాత నునుపు చేసి వేడి తేనెమైనంలో ముంచుతారు.

నా కన్ను తలపాగా సుల్తాను తలలా చెక్కిన పైపు మీద పడింది. ఆయన తల అడ్డంగా ఊపి, అది పళ్ళమధ్య పట్టుకుంటే దవడ లాగేస్తుందని అభినయించి చూపించాడు. కాల్చడానికైతే సాదాదే తీసుకోమన్నాడు. పై అరలోంచి తన సొంత పైపు దింపాడు. ఏళ్ళ తరబడి పొగ తాగి తేనెరంగుకి తిరిగింది. చుట్ట కాల్చీ కాల్చీ మా తాతయ్య తెల్లమీసం అంచున ఇదే రంగు ఉండేది.

సాదాదే కొన్నాను. బ్రయర్ పైపులో పొగాకు కూరే గిన్నెకి మసి పొర కట్టనిస్తాం. దీన్నైతే ప్రతిసారీ తుడవాలట. వేడి మీద గిన్నెని ముట్టుకోకూడదని, కాడ పట్టుకునే కాల్చాలని ఉస్తా మూడుసార్లు చెప్పాడు.

ఆ రాత్రే హోటల్ మెట్ల మీద వెలిగించాను. గాలికి నిప్పు ఆరిపోతుందేమోనని గిన్నె చుట్టూ చెయ్యి అడ్డం పెట్టాను. తెల్లారి చూస్తే మైనం మీద నా బొటనవేలి ముద్ర. ఇప్పుడు ఆ ముద్ర చుట్టూనే రంగు తిరుగుతోంది.