బస్సెక్కి దిగిన కడప బండ

మొన్న స్టాఫ్ రూములో ఒక మేడం అడిగింది, మీ ఇంటాయన స్కూల్ బస్సు కొన్నాడంట కదా, ట్రావెల్స్ ఏమన్నా పెడుతున్నారా అని. లేదు మేడం, మేమే అందులో వండుకుని పడుకుంటాం అన్నాను. ఆమె నా మొహం వైపు ఒక నిమిషం చూసి టిఫిన్ బాక్సుకు మూత పెట్టుకుని పోయింది. ఇల్లు అమ్ముకున్నామేమో అనుకుని ఉంటుంది పాపం.

ఇల్లుంది, అనంతపురంలోనే ఉంది, దాని ఈఎంఐ కూడా ఉంది. బస్సు కథ వేరే. మా ఆయన సోలార్ పంపుసెట్లు, ఇన్వర్టర్లు బిగించే పని చేస్తాడు, సొంతూరు తాడిపత్రి. మా అత్తకు మోకాళ్ళ నొప్పులు, బయట తిండి పడదు, లాడ్జి బాత్రూం చూస్తేనే కడుపులో తిప్పుతుంది. పాపకేమో కార్లో పది కిలోమీటర్లు పోతే వాంతులు, అదే బస్సులో ముందు సీట్లో కూర్చోబెడితే ఏమీ కాదు, ఎందుకో మరి. ఇట్ల ఆరేళ్ళు మేము తిరుపతికి తప్ప యాడికీ పోలేదు.

2023 మే నెల. మన దగ్గర స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ మే 15తో అయిపోతుంది, జూన్ 12న బడి తెరిచేలోపు మళ్ళీ చేయించుకోవాల, పైగా 15 ఏళ్ళు దాటిన బస్సులో పిల్లలను ఎక్కించకూడదని రూలు, అందుకే ఆ నెలలో పాత బస్సులు వరసగా అమ్మకానికి వస్తాయి. మాది 2008 మోడల్, 26 సీట్లు, లక్షా అరవై ఐదు వేలు. ఇంటికి తెచ్చినాక సీట్ల కింద చూస్తే పెన్సిల్ ముక్కలు, ఒక చెప్పు, ఎండిపోయిన రేగ్గాయలు, సీటు వెనక కంపాస్‌తో గీకిన పేర్లు. టీచర్ని కదా, ఆ గీకినోడి మీద నాకు కోపం వచ్చింది, పదిహేనేళ్ళ కింద గీకినోడికి ఇప్పుడు పెళ్ళి కూడా అయిపోయి ఉంటుంది.

బస్సు ఇంకా పసుపు రంగులోనే ఉన్నప్పుడు షెడ్డుకు తీసుకుపోతాంటే దారిలో యూనిఫాం వేసుకుని నిల్చున్న ఇద్దరు పిల్లోళ్ళు చెయ్యెత్తినారు. మా ఆయన అలవాటు లేని మనిషి, ఆపేసినాడు కూడా. మా బస్సు కాదంట అని వాళ్ళే దిగిపోయినారు.

సీట్లు ఊడదీసి పాత ఇనుము కింద అమ్మినాం. వాటి కింద రబ్బరు మ్యాట్, దాని కింద ప్లైవుడ్, దాని కింద రేకు, ఆ రేకులో రెండు చోట్ల రోడ్డు కనిపిస్తాంది. బయట పెయింట్ నిగనిగలాడుతున్న పాత బస్సు ఎవరన్నా చూపిస్తే ముందు మ్యాట్ ఎత్తి చూడండి, ఆ పని మేం చేయలేదు, వెల్డింగుకే పద్దెనిమిది వేలు పోయినాయి.

ఇంక అసలు గొడవ, వంట గట్టు. వడ్రంగి ప్లైవుడ్ మీద సన్‌మైకా వేస్తానన్నాడు, నాకు ఓకే. అత్త ఒప్పుకోలేదు. "ఏంరా, బండ ల్యాకుండా వంటిల్లంటాడా? చెక్క మీద రొట్టె తడతారా ఎవురన్నా?" అని కొడుకును పట్టుకునింది. తాడిపత్రి మనుషులకు బండ అంటే ఊరికే వచ్చే వస్తువు, మా మామ తరఫున వాళ్ళకు పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, ఫోన్ చేస్తే చాలు మరుసటి రోజే ఆటోలో దిగింది, నల్లగా అద్దంలాగా ఉంది, ఆరడుగుల పొడవు రెండడుగుల వెడల్పు పైన గట్టుకొకటి, కింద అల్మారాకొకటి, పక్కలకు నిలబెట్టడానికి రెండు. నిజం చెప్పాలంటే బిగించినాక చూసి నేను కూడా పడిపోయినాను. ఇంట్లో నా వంటిల్లు అంత బాగలేదు.

ఇంటి పక్క ఖాళీ సైటులో బస్సు పెట్టుకుని ట్రయల్ అని ఆదివారం అందులోనే చిత్రాన్నం చేసినాను. నిమ్మకాయ రసం నాలుగు చుక్కలు బండ మీద పడినాయి, చూసుకోలేదు, సాయంత్రానికి అక్కడ పాలిష్ పోయి తెల్ల మచ్చలు. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు తగిలితే తినేస్తుంది, చింతపండు రసం కూడా అంతే. అత్త ఏమో మచ్చ లేని బండ యాడుంటాది అని తేల్చేసింది.

ఎండ సంగతి చెప్పకపోతే ఇది అనంతపురం కథే కాదు. ఏప్రిల్లో బయట 41 డిగ్రీలు ఉన్నరోజు తలుపులు మూసిన బస్సులో థర్మామీటర్ పెడితే 53 చూపించింది. పిండి ఒడియాలు లోపలే ఎండబెట్టుకోవచ్చు. పైకప్పు లోపలి రేకు విప్పి, రేకుకూ రేకుకూ మధ్య అల్యూమినియం పూత ఉన్న ఫోమ్ షీట్ కుక్కినాం (థర్మోకోల్ చవకే కానీ నిప్పు పడితే అంటుకుంటుంది, గ్యాస్ పొయ్యి ఉన్న బండిలో అది వద్దని మా ఆయన). అప్పుడు కూడా కమ్మీలు ఉన్నచోట చెయ్యి పెడితే సుర్రుమంటుంది, ఇనుము బయట వేడిని నేరుగా లోపలికి మోసుకొస్తుంది, ఆ కమ్మీల మీద కూడా ఒక పొర అంటించాల్సి వచ్చింది. అన్నిటికంటే పనిచేసింది మాత్రం పైన వేసిన తెల్ల పెయింటు. అంతా అయినాక అట్లాంటి ఎండలోనే 44. ఏసీ పెట్టమని మా పెద్దోడు నెల రోజులు ఏడ్చినాడు, వాళ్ళ నాయన పేపర్ మీద లెక్క వేసి చూపించినాడు, ఒక టన్ను ఏసీకి గంటకు దాదాపు ఒక యూనిట్, మా లిథియం బ్యాటరీలు రెండు కలిపినా రెండున్నర యూనిట్లు, అంటే రెండు గంటలు చల్లగా పడుకుని తర్వాత ఫ్యాన్ కూడా లేకుండా ఉడికిపోవాల. దానికి బదులు చిన్న వాటర్ కూలర్ పెట్టినాం. మన వైపు గాలిలో తేమ తక్కువ కాబట్టి కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే మద్రాసుకు తీసుకుపోతే దండగ.

బ్యాటరీల దగ్గర మా ఆయన కూడా తప్పులో కాలేసినాడు, ఈ పనిలో పదేళ్ళ అనుభవం ఉండి కూడా. ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీలు రెండు ఉన్నాయి కదా అని మంచం కింద పెట్టేసినాడు. ఒక్కోటి అరవై కిలోలకు దగ్గర, పైగా ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, పిల్లలు పడుకునే చోట, పక్కనే గ్యాస్ పొయ్యి. నేను ఎనిమిదో క్లాసు సైన్స్ పాఠం తీసి చూపించినాక అవి దిగినాయి. లిథియంవి నూరు ఆంపియర్ అవర్లవి ఒక్కోటి పన్నెండు కిలోలే. పైన రెండు ప్యానెళ్ళు, దుమ్ము తుడిస్తే మంచి ఎండకు రోజుకు రెండున్నర మూడు యూనిట్లు వస్తుంది, తుడవకపోతే రాదు, మన దుమ్ము సంగతి తెలుసు కదా. వంటకు ఇండక్షన్ కుదరదు, అందుకని 5 కిలోల చిన్న సిలిండర్, దాని డబ్బా అడుగున బయటికి ఒక రంధ్రం. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున నిలబడుతుంది కాబట్టి రంధ్రం పైన పెట్టి లాభం లేదు.

టాయిలెట్ గురించి ఎక్కువ రాయను. పోర్టబుల్‌ది ఒకటి పెట్టినాం, అత్త దాన్ని చూసి అన్నం తినే చోట ఇదేంది అని వారం రోజులు బస్సు ఎక్కలేదు.

ఇదంతా అయినాక, అంటే గట్టు, మంచాలు, కరెంటు అన్నీ బిగించినాక, కాగితాలకు పోయినాం. ఇక్కడే మేము చేసిన పెద్ద తెలివితక్కువ పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అని ఒకటుంది, బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, కంపెనీ చెప్పినదానికీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా రాకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇట్లాంటి ఇల్లు బండ్లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. అడిగి కొయ్యాల్సింది కోసి అడిగినాం. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కాల, సీట్లు తగ్గినా ఎక్కాల, స్కూల్ బస్సుగా ఉన్న ట్రాన్స్‌పోర్ట్ బండి సొంత వాడకానికి మారాల, పదిహేనేళ్ళు దాటింది కాబట్టి అది మళ్ళీ వేరే కథ. ఏజెంట్ అయిపోతాది మేడం అయిపోతాది అని ఎనిమిది నెలలు అన్నాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం మంచిగానే మాట్లాడినాడు. లోపలికి ఎక్కి మొదట చూసింది వెనక ఎమర్జెన్సీ డోర్, మా మంచం సరిగ్గా దానికి అడ్డం. "మేడం, రాత్రి మంటొస్తే మీ పిల్లోళ్ళు యాడికెళ్ళి దిగుతారు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మంచం కోయించి పక్కకు జరిపినాం. కిటికీల అడ్డ కడ్డీలు తీసేయాలనుకున్నాం, జైలు లాగా ఉన్నాయని, అవి మాత్రం ఉంచుకున్నాం, దాని విలువ తర్వాత అహోబిలంలో కోతులు వచ్చినప్పుడు తెలిసింది.

ఆయనే ఇంకోటి అన్నాడు, కాటా చీటీ తెండి అని. చెనిక్కాయల లారీలు తూచే వేబ్రిడ్జి మీదికి ఎక్కించినాం, నీళ్ళ ట్యాంకు నింపి, సిలిండర్ పెట్టి, మేం నలుగురం, అత్త కూడా లోపలే కూర్చుని. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుకు ఇంకా నూటయాభై కిలోలు కూడా మిగల్లేదు, బట్టలు, బియ్యం, చుట్టాలు ఎవరూ ఇంకా ఎక్కనేలేదు. దానికంటే ఘోరం, బండి ఎడమపక్కకు వంగి ఉంది, చక్రాల దగ్గర జానతో కొలిస్తే కూడా తెలుస్తాంది. మా ఆయన అక్కడే ఫోన్‌లో లెక్క వేసినాడు. నీళ్ళు రెండు వందల లీటర్లు అంటే రెండు వందల కిలోలు, అవి మధ్యలో ఉన్నాయి, వాటిని ఏమీ అనలేం. బండలు నాలుగూ కలిపి నూట డెబ్బై కిలోలు, అంతా ఎడమపక్కే.

"అమ్మా, బండ దించాల్సిందే" అన్నాడు.

అత్త ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. దించేటప్పుడు చూస్తే పై బండ మధ్యలో జుట్టంత చీలిక అప్పటికే ఉంది, ఇంటి నుంచి కాటా దాకా పోయి వచ్చిన నాలుగు కిలోమీటర్లకే. బస్సు కదిలేటప్పుడు దాని చాసీ మెలితిరుగుతుంది, బండకు వంగడం తెలీదు. కింద పెట్టేటప్పుడు అది రెండు ముక్కలై ఒక మూల కూడా విరిగింది. పెద్ద ముక్కలు పెరట్లో బట్టలుతికే చోట వేసినాం. మూల ముక్క ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. బస్సులో ప్లైవుడ్ మీద సన్‌మైకా వచ్చింది, వడ్రంగి నేను ముందే చెప్పినా కదా అని ఒక్కసారి కాదు మూడుసార్లు అన్నాడు.

కాగితాలన్నీ చేతికొచ్చినాక మొదటి దూరం ప్రయాణం 2024 డిసెంబర్‌లో, తాడిపత్రి మీదుగా బెలుం గుహలు, ఆడ్నుంచి గండికోట. బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపే కాబట్టి మా ఆయన కారు లైసెన్సే సరిపోయింది. లోపల ఎత్తు మాత్రం చిన్న పిల్లోళ్ళ కోసం కట్టిన బస్సు కదా, ఈయన తల ఆ ఒక్కరోజులోనే నాలుగుసార్లు తగిలింది. పాప ముందు సీట్లో, వాంతి లేదు.

బెలుం గుహల్లో గైడు చెప్తాండాడు, మొత్తం 3,229 మీటర్ల పొడవు, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే తెల్లదొర వీటి గురించి రాసినాడు, నీళ్ళు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయి ఈ దారులు పడినాయి అని. వానలో కలిసిన గాలి వల్ల నీళ్ళకు కొంచెం పులుపు వస్తుంది, ఆ పులుపే లక్షల ఏళ్ళు రాయిని తినింది. మా ఆయన నా చెవి దగ్గరికి వచ్చి, నీ చిత్రాన్నం మచ్చ ఇంకో పది లక్షల ఏళ్ళు ఉండనిచ్చి ఉంటే మన గట్టు మీద కూడా టికెట్టు పెట్టొచ్చు అన్నాడు. లోపల ఉక్కకు చెమటలు పోసుకుంటూ కూడా నవ్వొచ్చింది.

గండికోటకు చేరేసరికి సాయంత్రం. పెన్న లోయ అంచు దాకా పోయి చూసి వచ్చినాం, ఎర్రటి రాళ్ళ మధ్య కింద నీళ్ళు, పెద్దోడు ఫోటోలు తీసి తీసి ఫోన్ ఛార్జింగ్ అయిపోగొట్టినాడు. రాత్రికి బస్సు పక్కన చాప పరిచినాం. లక్షలు పోసి మంచాలు చేయించి అందరూ బయట చాప మీదే కూర్చున్నారు, పడుకునేది కూడా ఆడే అన్నారు, చలి పెరిగినాక అర్ధరాత్రి ఒక్కొక్కరే లేచి లోపలికి వచ్చినారు లెండి.

వంట టైముకు నేను జొన్న పిండి తడిపి, రొట్టెలు చపాతీ పీట మీద తడదామా అని చూస్తాన్నా. అత్త బస్సెక్కి తన మంచం కింద నుంచి పాత చీరలో చుట్టిన మూట ఒకటి ఈడ్చింది. విప్పితే అడుగు పొడవు అడుగు వెడల్పు కడప బండ, ఆ విరిగిన మూల, ఎవరితోనో అంచులు అరగదీయించి మరీ.

మా ఆయన దాన్ని చేత్తో ఎత్తి చూసి, ఐదు కిలోలు ఉంటుంది అన్నాడు.

"ఐతే నీ చెప్పులు దించురా" అనింది అత్త, పిండి ముద్ద చేతిలోకి తీసుకుంటూ.