మామోగ్రామ్‌లో ఏదో కనపడింది మళ్ళీ రమ్మన్నారు, ఆ తర్వాత ఏ టెస్ట్ ఎందుకు చేశారంటే (నా అనుభవం)

నాకు గడ్డ తగల్లేదు, నొప్పి లేదు, 40 దాటాయి కదా చేయించుకోవాలి అని రొటీన్‌గా చేయించుకుంటున్న మామోగ్రామే, అంటే రొమ్ముల ఎక్స్‌రే. రిపోర్ట్ చివర మాత్రం ఈసారి "బైరాడ్స్ 0, అదనపు ఇమేజింగ్ అవసరం" అని ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి రిపోర్ట్ చేతిలో పట్టుకుని కూర్చున్న వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా, ఏ టెస్ట్ దేన్ని తేల్చడానికో తెలిస్తే భయం చాలా వరకు తగ్గుతుంది, నాకైతే అలాగే తగ్గింది.

ముందు ఆ 0 సంగతి. బైరాడ్స్ అంటే ఫిల్ములో కనిపించినదాన్ని బట్టి రేడియాలజిస్ట్ ఇచ్చే నంబర్. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఏదో ఉంది కానీ హాని లేనిది, 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు కాబట్టి ఆరు నెలలకి మళ్ళీ చూస్తారు, 4 అంటే అనుమానం, 5 అంటే గట్టి అనుమానం. 0 మాత్రం ఈ వరసలోది కాదు, ఉన్న ఫిల్ములతో తేలట్లేదు ఇంకా చూడాలి అని, అంతే. ఇలా వెనక్కి పిలిచిన వాళ్ళలో చివరికి క్యాన్సర్ అని తేలేది పది మందిలో ఒకరి కంటే తక్కువే.

వెళ్ళగానే రేడియాలజిస్ట్ మేడమ్ అడిగింది పాత మామోగ్రామ్‌లు. అవి తప్పకుండా పట్టుకెళ్ళండి, అదే మచ్చ ఏళ్ళ తరబడి మారకుండా ఉందని తెలిస్తే ఒక్కోసారి కథ అక్కడితోనే అయిపోతుంది. నాకు అలా అవ్వలేదు, రెండు వైపులా కొత్తవే. కుడివైపు ఒక తెల్లటి మసక, ఎడమవైపు సన్నటి సున్నపు చుక్కలు, వీటినే కాల్సిఫికేషన్లు అంటారు. చంకల్లో డియోడరెంట్, పౌడర్ వద్దని అందుకే చెప్తారు, అవి కూడా ఫిల్మ్ మీద అచ్చం ఇలాంటి చుక్కల్లాగే పడతాయట.

కుడివైపుకి స్పాట్ కంప్రెషన్ చేశారు. మామూలు పెద్ద ప్లేట్ తీసేసి చిన్న ప్లేట్ పెట్టి, అనుమానం ఉన్న చోట మాత్రమే నొక్కుతారు, నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను, కానీ కొన్ని సెకన్లే. కణజాలం ఒకదాని మీద ఒకటి పడి మచ్చలా కనిపిస్తుంటే ఇలా నొక్కినప్పుడు విడిపోతుంది. దాంతో పాటు టోమో, అంటే త్రీడీ మామోగ్రామ్ కూడా తీశారు, ట్యూబ్ ఒక వంపులో కదులుతూ పొరలు పొరలుగా చూపిస్తుంది. నాది డెన్స్ బ్రెస్ట్, అంటే కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ, ఆ కణజాలమూ తెలుపే గడ్డా తెలుపే కాబట్టి మామూలు ఫిల్మ్‌లో దాగిపోవచ్చు. ఇన్ని చేసినా ఆ మసక పూర్తిగా పోలేదు, గుండ్రటి అంచు ఒకటి మిగిలింది, సరే అల్ట్రాసౌండ్ అన్నారు.

చెయ్యి తల కింద పెట్టుకుని కాస్త పక్కకి ఒరిగి పడుకోమన్నారు, జెల్ రాసి చూస్తుంటే స్క్రీన్ మీద నల్లగా నున్నగా ఒక గుండ్రం, దాని వెనకాల తెల్లగా వెలుగు. "ఇదిగో అమ్మా, లోపల నీరే, మామూలు సిస్ట్ ఇది, దీన్ని ఏమీ చెయ్యక్కర్లేదు" అన్నారు మేడమ్. గట్టి గడ్డా, నీటి బుడగా అనేది మామోగ్రామ్ చెప్పలేదు, అల్ట్రాసౌండ్ చెప్తుంది, కుడివైపు ప్రశ్న అదే కాబట్టి అక్కడితో తేలిపోయింది.

ఎడమవైపు అలా కాదు. సున్నపు చుక్కలు అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు కనపడవు, అందుకని మాగ్నిఫికేషన్ వ్యూస్, రొమ్ముని ఎత్తైన స్టాండ్ మీద పెట్టి పెద్దది చేసి తీస్తారు. ఎన్ని చుక్కలు అనే దానికంటే వాటి ఆకారం, అవి పరుచుకున్న తీరు ముఖ్యం. గుండ్రంగా అక్కడక్కడా చెదిరి ఉంటే సాధారణంగా భయం లేదు, పాల నాళం వెంబడి సన్న గీతల్లా కొమ్మలు కొమ్మలుగా ఉంటే ఎక్కువ అనుమానం. నావి మసకమసకగా ఒకే చోట గుంపుగా ఉన్నాయి, 4బీ ఇచ్చారు. ఒట్టి 4 అని చెప్తే ఏ, బీ, సీల్లో ఏదో అడగండి, ఎందుకంటే 4 అనేది 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉంటుంది, బీ అంటే 10 నుంచి 50 మధ్య.

4బీ కాబట్టి బయాప్సీ చెయ్యాలన్నారు, అంటే ఆ చోటి నుంచి సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించడం. దాని బదులు ఎంఆర్ఐ చేస్తే సరిపోదా అని అడిగా. ఎంఆర్ఐ చుక్కల్ని చూపించదమ్మా, కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కిస్తే రక్త ప్రసరణ ఎక్కువున్న చోట వెలుగుతుంది, అందులో ఏమీ లేదని వచ్చినా ఈ చుక్కలకి బయాప్సీ తప్పదు అన్నారు. ఆ ఒక్క జవాబుతో నా మనసు కుదుటపడింది, బయాప్సీకి ఒప్పుకున్నా.

చేసింది స్టీరియోటాక్టిక్ బయాప్సీ. బోర్లా పడుకోబెట్టారు, టేబుల్‌కి ఉన్న రంధ్రంలోంచి రొమ్ము కిందకి, రెండు కోణాల్లో ఎక్స్‌రే తీస్తే చుక్కలు ఎంత లోతులో ఉన్నాయో మెషిన్ లెక్క కడుతుంది. మత్తు ఇంజెక్షన్ ఒక్కటే చురుక్కుమంది, తర్వాత వాక్యూమ్ సూది శబ్దం, లాగినట్టు అనిపించడం తప్ప నొప్పి తెలీలేదు. నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే, తీసిన ముక్కల్ని అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి, వానపాముల్లాంటి ఆ సన్న ముక్కల్లో తెల్ల చుక్కలు పడ్డాయని చూసుకున్నాకే ఆపారు. ఆ చోట చిన్న మెటల్ క్లిప్ వదిలి, అది సరిగ్గా కూర్చుందా అని మళ్ళీ మామోగ్రామ్ తీశారు.

రిజల్ట్ ఫైబ్రోసిస్టిక్ మార్పులు, అంటే రొమ్ము కణజాలంలో వచ్చే హాని లేని మార్పులు, క్యాన్సర్ కాదు. ఆ కాగితం ఒక్కటే చూసి వచ్చెయ్యకండి, పాథాలజీలో, అంటే ముక్కల్ని ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు వచ్చింది ఫిల్ముల్లో కనిపించిన దానికి సరిపోతుందా అని రేడియాలజిస్ట్‌ని అడగండి, సరిపోకపోతే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు. నాది సరిపోయిందని రాసిచ్చారు, ఎడమవైపు ఆరు నెలలకి మళ్ళీ మామోగ్రామ్ చెప్పారు. క్లిప్ ఎక్కడుందో రాసిన రిపోర్ట్, ఫిల్ముల సీడీ ఒకే ఫైల్‌లో పెట్టుకున్నా, ఈసారి వాళ్ళు అడక్కముందే ఇచ్చేస్తా.