ఉపవాసం ఖాళీ చేసిన చోట ఏముంది?

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలమైన లెంటు దగ్గర పడగానే విశ్వాసుల మధ్య వినిపించే మొదటి ప్రశ్న, "ఈసారి ఏం మానేస్తున్నారు?" అన్నది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ మానేసిన దాని చోటులోకి ఏం వచ్చి చేరింది అని కూడా అడగాలని, అసలు సాధన అక్కడే ఉందని ఏటేటా నాకు మరింత గట్టిగా అనిపిస్తోంది. ఒక పూట భోజనం మాని, ఆ అరగంటను ఫోను చూస్తూ గడిపినవారికి ఆకలి మాత్రమే మిగులుతుంది.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో యేసు ప్రభువు దానధర్మాన్ని, ప్రార్థనను, ఉపవాసాన్ని వరుసగా, ఒకే ప్రసంగంలో బోధించాడు. ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడినవని నేను నమ్ముతాను. ఉపవాసంతో మిగిలిన సమయం ప్రార్థనకు, మిగిలిన డబ్బు లేనివారికి చేరాలి. రెండవ శతాబ్దపు క్రైస్తవ గ్రంథం 'హెర్మాసు కాపరి' దీన్ని లెక్కగట్టి మరీ చెబుతుంది. ఉపవాస దినాన తినకుండా మానిన ఆహారానికి ఎంత ఖర్చయ్యేదో చూసుకుని, ఆ మొత్తాన్ని విధవరాలికో, అనాథకో, అవసరంలో ఉన్న మరొకరికో ఇవ్వాలట. ఈ సూచన నాకెంతో ఇష్టం. ఎందుకంటే ఇచ్చామా లేదా అన్నది ఆ సాయంత్రానికే తేలిపోతుంది.

లెంటు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకు లెక్కిస్తే 46 రోజులు వస్తాయి. ఆదివారం పునరుత్థాన దినం కనుక పాశ్చాత్య సంఘాల సంప్రదాయం ఆరు ఆదివారాలను తీసివేసి 40 రోజులుగా లెక్కిస్తుంది. కతోలిక సంఘ చట్టం ప్రకారం భస్మ బుధవారం, శుభ శుక్రవారం ఈ రెండు రోజులే తప్పనిసరి ఉపవాస దినాలు, అవీ 18 ఏళ్లు నిండినవారికి, 60వ ఏట అడుగుపెట్టేవరకు మాత్రమే. అనారోగ్యంతో ఉన్నవారికి ఆ నియమం వర్తించదు. సంఘం అడిగినదానికన్నా కఠినంగా తమను తాము శిక్షించుకోబోయి రెండవ వారానికే చతికిలబడినవారిని చూసినప్పుడు, ఈ మితం వెనుక ఎంత అనుభవం ఉందో నాకు అర్థమవుతుంది.

ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠవాసుల కోసం రాసిన నియమావళిలో 49వ అధ్యాయం ఈ కాలానికి సంబంధించినది, చాలా చిన్నది. తిండిలో, పానీయంలో, నిద్రలో, మాటల్లో, పరిహాసాల్లో కొంత తగ్గించుకోమని చెబుతూనే, ఎవరు ఏది తగ్గించుకోదలచారో ముందుగా మఠాధిపతికి చెప్పి, ఆయన ప్రార్థనతో, సమ్మతితో చేయాలని, చెప్పకుండా చేసినది అహంభావం కిందికే వస్తుందని ఆయన రాశాడు. అంతకు ముందు అధ్యాయంలో ఇంకో నియమం ఉంది: లెంటు మొదట్లో ప్రతివాడూ ఒక పుస్తకం తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు వరుసగా చదవాలి, చదివే వేళల్లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరుగుతూ, ఎవరైనా కబుర్లలో పడ్డారేమో చూడాలి. ప్రార్థనకే జీవితాన్ని అర్పించినవారికి కూడా ఈ పర్యవేక్షణ అవసరమైంది.

అందుకే ఈ ఏడాది నా ప్రణాళికను కాగితం మీద రాసి మా పాస్టరుగారికి చూపించాను. ఆయన నిదానంగా చదివి, పెన్ను తీసి సగానికి పైగా కొట్టివేశారు. "ఇంత వద్దమ్మా, మిగిలినది మట్టల ఆదివారం దాకా నిలబడితే అప్పుడు చూద్దాం" అన్నారు. మిగిలినవి రెండే: శుక్రవారం ఒక పూట ఉపవాసం, రోజూ తెల్లవారుజామున మార్కు సువార్తను వరుసగా చదవడం. ఆ సువార్తలో ఉన్నవి 16 అధ్యాయాలే కాబట్టి తొందరపడే పని లేదు. ఒక్కోసారి నాలుగు వచనాల దగ్గరే ఆగిపోవచ్చు.

మొదటి వారంలో ఉన్న ఉత్సాహం మూడవ వారంలో ఉండదు. ప్రార్థన వల్లెవేసినట్టు ఉంటుంది. ఆకలి మీద ఉన్నప్పుడు ఇంట్లో ఎవరో మామూలుగా ఒక మాట అడిగితే గొంతు ఒక్కసారిగా కరుకవుతుంది. ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకుని ఐదవ శతాబ్దపు తొలినాళ్లలో రాసిన యోహాను కాసియన్, ఈ విసుగును చాలా దగ్గరగా చూసి వర్ణించాడు: సన్యాసి మాటిమాటికీ గది బయటికి వచ్చి, సూర్యుడు ఇంకా అస్తమించడం లేదేమిటని ఆకాశం వైపు చూస్తాడట. ఆ చూపునే ఇప్పుడు మనం గడియారం మీద వేస్తున్నాం. దీనికి ఆ పెద్దలు చెప్పిన మందు గది విడిచి వెళ్లకపోవడం, చేతులతో ఏదో ఒక పని చేయడం. మనసు లగ్నం కాని రోజున కూడా పెట్టుకున్న సమయం పూర్తయ్యేదాకా కూర్చోవాలని నేను పట్టుబట్టేది అందుకే. మనసు కరిగిన రోజుల కన్నా ఈ పొడి రోజులే సాధనను నిలబెడతాయి.

మరో సంగతి. అరణ్యంలో నలభై దినాల ఉపవాసం తరువాత శోధకుడికి, అంటే సాతానుకు, ప్రభువు ఇచ్చిన మూడు జవాబులూ పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం ఆరు, ఎనిమిది అధ్యాయాల్లోనివే. ఒంట్లో శక్తి లేని వేళ ఆయన నోటికి వచ్చినది అప్పటికే హృదయంలో ఉన్న వాక్యం. కాబట్టి చదివిన భాగంలో నుంచి వారానికి ఒక్క వచనమైనా కంఠస్థం చేయడం మంచిది. పైన చెప్పిన కరుకుదనం గొంతులోకి వచ్చేలోపు పలకడానికి ఒక మాట సిద్ధంగా ఉంటుంది.

సగం కాలం గడిచాక ఇప్పుడు మొదలుపెట్టి ప్రయోజనమేమిటని వెనుకాడేవారు ఆర్థడాక్సు సంఘాల్లో ఈస్టరు వేళ చదివే ప్రసంగాన్ని ఒకసారి వినాలి. ప్రాచీన బోధకుడు యోహాను క్రిసోస్తముదిగా చెప్పుకునే ఆ ప్రసంగం, మొదటి గంటలో వచ్చినవారితో పాటు పదకొండవ గంటలో, అంటే పొద్దు వాలే వేళ, వచ్చినవారినీ, ఉపవాసమున్నవారితో పాటు లేనివారినీ ఒకే విందుకు పిలుస్తుంది. ఐదవ వారంలో ఉన్నా సరే, వచ్చే శుక్రవారానికి ఒక పూటను, ఒక సువార్తను, డబ్బు చేరవలసిన ఒక ఇంటిని ఎంచుకుని, ఆ సంగతి నమ్మకమైన ఒకరికి చెప్పి మొదలుపెట్టవచ్చు.