పైన ఉండాల్సిన ఊచలు

కాంక్రీటు లారీ గేటు ముందుకు వచ్చేసింది. బాల్కనీ సెంట్రింగ్ మీద స్ట్రక్చరల్ ఇంజనీరు మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టి కొలుస్తోంది. నా కూతురి వయసుంటుంది. లేచి, "ఇవాళ కాంక్రీటు పోయడానికి వీల్లేదు" అంది. ఇరవై ఏళ్లు సైట్ల మీద పనిచేసి ఈ దేశం వచ్చినవాణ్ణి. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

పొద్దున్నుంచి మనుషులు తొక్కడంతో పై ఊచలు నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగాయట. దీనికే లారీని వెనక్కి పంపాలా?

గది స్లాబ్‌కి రెండు వైపులా ఆధారం ఉంటుంది. నడుమ వంగితే సాగేది అడుగు భాగం, అందుకే అక్కడ ఊచలు అడుగున వేస్తాం. బాల్కనీకి ఒక్క వైపే ఆధారం, సాగేది పైభాగం. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గానీ లాగితే చీలుతుంది. ఆ లాగుడును మోయాల్సింది ఊచలే. బాల్కనీకి ఊచలు పైన ఉండాలని నాకూ తెలుసు, మన మేస్త్రీలకూ తెలుసు. నాలుగు సెంటీమీటర్లకు ఏమవుతుందో లెక్క వేసి చూసింది మాత్రం ఆ రాత్రే. 15 సెంటీమీటర్ల స్లాబ్‌లో ఊచల పైన కప్పే కాంక్రీటు పొర (కవర్) 2 పోతే, ఊచ నుంచి అడుగుకు సుమారు 12. బలమంతా ఆ దూరంలోనే ఉంది. అందులో 4 తగ్గితే మూడో వంతు బలం పోయినట్టే. ఇనుము ఒక్క కిలో తగ్గలేదు, డ్రాయింగు మారలేదు, అయినా బాల్కనీ బలహీనమైపోతుంది.

మన మేస్త్రీలను తక్కువ చేస్తే నేను ఒప్పుకోను. నాకు పని నేర్పిన మేస్త్రీ ఊచ మోగే చప్పుడు విని కట్టు వదులైందని చెప్పేవాడు. కానీ ఆయన పని చూడటానికి, ఎందుకో చెప్పడానికి ఇంజనీరు ఎవరూ వచ్చింది లేదు. ప్లాన్ మీద సంతకం పెట్టడంతో ఇంజనీరు పని అయిపోయేది. స్లాబ్ రోజు ఆపమనే మనిషే ఉండేవాడు కాదు. ఇక్కడ ఆ అమ్మాయి ఆపమంటే ఓనరైనా, కాంట్రాక్టరైనా ఆగాల్సిందే. నాకు కోపం వచ్చిందీ దాని మీదే, ఇప్పుడు గౌరవం కలుగుతున్నదీ దాని మీదే.

మర్నాడు ఊచల కింద చైర్లు, అంటే వాటిని ఎత్తి పట్టే ఆధారాలు, దగ్గర దగ్గరగా పెట్టి పైకి లేపాం. నడవడానికి పలకలు వేశాం. ఆమె మళ్లీ వచ్చి ఆరు చోట్ల కొలిచి సరేనంది.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. మన ఇంటి బాల్కనీ చివర ఉన్న 500 లీటర్ల నీళ్ల డ్రమ్ము తీసేయమన్నాను. నిండితే అర టన్ను. "పదేళ్ల నుంచి అక్కడే ఉంది కదన్నయ్యా" అన్నాడు. ఆ స్లాబ్ వేసిన రోజు దగ్గరుండి చూసుకుంది నేనే. ఊచల మీద ఎంతమంది నడిచారో నాకు గుర్తుంది. ముందు డ్రమ్ము తీసేయ్, గోడ పక్కన టైల్స్ సందులో చీలిక ఉందేమో చూసి ఫొటో పంపు, చీలిక ఉన్నా లేకపోయినా ఒక ఇంజనీరును తీసుకెళ్లి చూపించు అన్నాను.