స్తంభాలు కూల్చని బిషప్పు

ఈరోజు సెలవు పెట్టాను. పొద్దున్నుంచీ సన్నగా వాన. సైటుకి వెళ్ళే పని లేదు కదా అని గొడుగు తీసుకుని ఇక్కడి పెద్ద చర్చి, ఇంగ్లండ్‌లోని విన్‌చెస్టర్ కెథడ్రల్‌కి నడిచాను. ఈ ఊరొచ్చాక ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. వెళ్ళినప్పుడల్లా బిషప్ విలియం ఆఫ్ వైకమ్ సమాధి దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి.

1324 ప్రాంతంలో ఈ హాంప్‌షైర్ జిల్లాలోనే వికమ్ అనే పల్లెలో పుట్టాడాయన. గొప్పింటి బిడ్డ కాదు. యూనివర్సిటీ చదువూ లేదు. 1356లో మూడో ఎడ్వర్డ్ రాజు విండ్సర్ కోటలో కట్టడాల పని అప్పగించాడు, అంతే, ఇక దశ తిరిగింది. 1367కల్లా విన్‌చెస్టర్ బిషప్పు, దేశానికి ఛాన్సలర్, అంటే రాజుగారి ప్రధానమంత్రి లాంటివాడు. కూలీల లెక్కలూ రాళ్ళ లెక్కలూ చూసిన మనిషి అంత ఎత్తుకి ఎదిగాడంటే నాలాంటి సివిల్ ఇంజినీరుకి గుండె నిండిపోతుంది. 1376లో రాజుగారి కొడుకు జాన్ ఆఫ్ గాంట్ కక్షగట్టడంతో బిషప్పుగా వచ్చే ఆస్తులన్నీ పోయాయి. మరుసటి ఏడాదే తిరిగొచ్చాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇక్కడి నడిమి హాలు. ఆయన నాటికే అది దాదాపు మూడొందల ఏళ్ళ పాత నార్మన్ కట్టడం. 1394లో, డెబ్బై ఏళ్ళ వయసులో, దాన్ని కొత్తగా మార్చే పని పెట్టుకున్నాడు. మేస్త్రీ విలియం విన్‌ఫర్డ్ పాత స్తంభాలను కూల్చలేదు. చాలాచోట్ల నిలబడ్డవాటిని నిలబడ్డట్టే చెక్కి, ఆ లావుపాటి రాళ్ళలోంచి సన్నటి నిలువు గీతలు తీశాడు. ఇవాళ ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. చల్లగా ఉంది. పై కప్పు దాకా చూస్తే మెడ పట్టేసింది. పైన బరువు ఉండగా రాయి చెక్కడమంటే ఎంత టెన్షనో నాకు తెలుసు.

సమాధి మీద ఆయన బొమ్మ, చేతులు జోడించి. తల దగ్గర ఇద్దరు దేవదూతలు. పాదాల దగ్గర బెత్తెడు మనుషులు ముగ్గురు కూర్చుని ప్రార్థన చేస్తుంటారు. ఆ చిన్న ముఖాలను ఎంత చూసినా తనివి తీరదు.

తిరిగొస్తూ కాలేజ్ స్ట్రీట్ మీదుగా వచ్చాను. తనకు దక్కని చదువు పేద పిల్లలకు దక్కాలని 1379లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజ్, 1382లో ఇక్కడ ఈ విన్‌చెస్టర్ కాలేజ్ అనే బడి పెట్టాడు. రెండుచోట్లా 70 మంది చొప్పున. ఇక్కడ తయారైనవాళ్ళు అక్కడికి వెళ్ళాలని ఏర్పాటు. 1404లో ఆయన పోయాడు, బడి మాత్రం ఆగలేదు.

వాన పెద్దదైంది. నల్ల గౌను వేసుకున్న ఒక పిల్లాడు పుస్తకాలు తడవకుండా గుండెకి హత్తుకుని గేటులోకి పరుగెత్తాడు.